పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో విండో ఫంక్షన్లు లేకుండా క్వెరీ రాయడం ఎలా?

ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోన్‌లో) చక్కగా నడిచిన క్వెరీ, పాత ఫోన్‌లో బ్రాకెట్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ అంటూ యాప్‌ని పడేసిందా? క్వెరీలో తప్పు లేకపోవచ్చు. విండో ఫంక్షన్లు, అంటే పక్క వరుసల్ని కూడా చూసి ఒక్కో వరుసకీ లెక్క చెప్పే రో నంబర్ (వరుస సంఖ్య), ల్యాగ్ (వెనక వరుస విలువ) లాంటివి, ఫోన్‌లో ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లోకి వచ్చిందే 2018 సెప్టెంబర్‌లో, 3.25 వెర్షన్‌తో. ఆండ్రాయిడ్ 10లో ఉన్నది 3.22, ఆండ్రాయిడ్ 11లో 3.28. కిరాణా కొట్టు ఉద్దెర లెక్కల యాప్ రాస్తూ దీని మీద నేనొక ఆదివారం తగలేశాను.

1. ముందు ఎస్‌క్యూలైట్ వెర్షన్ ఎంతో యాప్ లోంచే క్వెరీ వేసి, ఆ పాత ఫోన్‌లోనే చూడండి. ల్యాప్‌టాప్‌లో కనిపించే నంబర్‌తో పనిలేదు.

2. ఒక్కో ఖాతాలో చివరి పద్దు మాత్రమే కావాలంటే ఖాతా మీద గ్రూప్ బై పెట్టి మ్యాక్స్ తేదీ తీయండి చాలు. 3.7.11 నుంచి, క్వెరీలో మ్యాక్స్ ఒక్కటే ఉంటే మిగతా కాలమ్‌లు కూడా ఆ వరుసవే వస్తాయి. ఒకే తేదీన రెండు పద్దులుంటే ఏది వస్తుందో చెప్పలేం, కాబట్టి టైమ్ కూడా దాచుకోండి.

3. చివరి మూడు పద్దులు కావాలా? ప్రతి వరుసకీ, అదే ఖాతాలో దానికంటే కొత్తవి ఎన్ని ఉన్నాయో సబ్‌క్వెరీతో (క్వెరీ లోపలి క్వెరీతో) లెక్కపెట్టి, మూడు కంటే తక్కువ వచ్చినవే ఉంచండి. తేదీలు సమానమైతే ఐడీ పోల్చండి. ఖాతా, తేదీ, ఐడీ మీద ఇండెక్స్ లేకపోతే మాత్రం లిస్ట్ నత్తనడక నడుస్తుంది.

4. అసలు తలనొప్పి నడుస్తున్న బ్యాలెన్స్, అంటే ప్రతి పద్దు దగ్గరా అప్పటిదాకా అయిన మొత్తం. దీన్నీ సబ్‌క్వెరీతో లాగొచ్చు కానీ వెయ్యి పద్దులకి దాదాపు 5 లక్షల కూడికలవుతాయి, అందుకే నేనైతే తేదీ, ఐడీ వరుసలో కర్సర్ (ఫలితాన్ని ఒక్కో వరుసగా చదివేది) తెరిచి, కోట్లిన్ లూప్‌లో ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతాను. పేజీలుగా చూపిస్తుంటే, ఆ పేజీకి ముందున్న మొత్తాన్ని ఒక సమ్ క్వెరీతో తెచ్చుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టండి, అచ్చం పద్దుపుస్తకంలో వెనకపేజీ బాకీ ఎక్కించినట్టే. డబ్బుని పైసల్లో, పూర్ణాంకంగా దాచండి. ల్యాగ్ పని కూడా ఈ లూప్‌లోనే అయిపోతుంది, వెనక వరుస విలువని ఒక వేరియబుల్‌లో పట్టుకుంటే చాలు.

5. ఇలాంటి క్వెరీలు డజన్ల కొద్దీ ఉంటే రూమ్ (ఆండ్రాయిడ్ డేటాబేస్ లైబ్రరీ) 2.7తో బండిల్డ్ ఎస్‌క్యూలైట్ డ్రైవర్ (ఎస్‌క్యూలైట్‌ని యాప్‌లోనే కలిపి ఇచ్చేది) పెట్టుకోండి, అన్ని ఫోన్లలో ఒకే వెర్షన్ ఉంటుంది. యాప్ సైజు పెరుగుతుంది మరి. రెండు మూడు క్వెరీల కోసమైతే నేను దాని జోలికి పోను.