రైలు పోతే పోనివ్వండి: నల్లమల నడకకు వచ్చేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన ఆదివారం సాయంత్రం అడవిలోని ఒక చిన్న స్టేషన్‌లో మా వాళ్లందరినీ లెక్కపెట్టుకొని అప్పుడే బెంచీ మీద కూర్చున్నాను. గిద్దలూరు వైపు నుంచి గూడ్స్ హారన్ ఆగకుండా మోగింది. మామూలుగా కొట్టే హారన్ కాదు, పట్టాల మీద మనుషులు కనబడితే కొట్టే హారన్. పది నిమిషాలకు కటింగ్‌లోంచి, అంటే కొండను కోసి పట్టాలేసిన ఇరుకు దారిలోంచి, తొమ్మిది మంది బయటికొచ్చారు. వాళ్లెవరో నాకు తెలియదు, సొంతంగా వచ్చిన బృందం. ఒక అమ్మాయి కుడి ముంజేతిని ఎడమ చేత్తో మోసుకుంటూ నడుస్తోంది. పక్కకు దూకినప్పుడు కంకర మీద పడిందట, మణికట్టు ఎముక వంకర తిరిగిపోయి ఉంది. ఒక కుర్రవాడికి ఒక కాలికే చెప్పు ఉంది. ఎవరి నోటా మాట లేదు. ఏ రైలు అందదేమోనని పట్టాల వెంట వచ్చారో ఆ రైలు ఆ రోజు నలభై నిమిషాలు లేటు.

కార్తీకం వచ్చిందంటే నంద్యాలలో రైలెక్కి గాజులపల్లె, దిగువమెట్ట స్టేషన్లలో దిగి నడిచేవాళ్లు పెరుగుతారు. వానలు తగ్గి అడవి పచ్చగా ఉంటుంది, వాగుల్లో నీళ్లుంటాయి, సీతాఫలాలు ఇంకా దొరుకుతాయి. నేను ఏళ్లుగా బృందాలను తీసుకెళ్తున్నాను. నీళ్లు తెచ్చుకోండి, టోపీ పెట్టుకోండి అని మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. తిరుగు రైలు కోసం పట్టాల వెంట నడవకండి.

ఆ తప్పు ఎవరూ పొద్దున్నే చేయరు. సాయంత్రం నాలుగు దాటాక, కాళ్లు లాగుతున్నప్పుడు, గడియారం చూసుకొని గుంపులో ఎవరో ఒకరు అంటారు: "అడవి దారిన పోతే గంటన్నర, పట్టాలెంట పోతే అరగంట." అక్కడ మొదలవుతుంది. పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలను స్లీపర్లంటారు. స్లీపరుకీ స్లీపరుకీ మధ్య దూరం దాదాపు 60 సెంటీమీటర్లు. అది మన అడుగుకు కుదరదు. ఒక్కో స్లీపరు మీద కాలేస్తే అడుగు చిన్నదవుతుంది, ఒకటి వదిలేస్తే సాగదీయాలి. పక్కన కంకరలో నడిస్తే చీలమండ మడత పడుతుంది. అందుకని ప్రతి ఒక్కరూ తల వంచి కాళ్లనే చూస్తూ నడుస్తారు. ముందు చూపు పోతుంది, వెనక చూపు ఎలాగూ లేదు. ఈ లైను కరెంటు లైను అయ్యాక పాత డీజిల్ ఇంజన్ల మోత దూరం నుంచి వినబడే రోజులు పోయాయి. మలుపులో, కటింగ్‌లో శబ్దం రాళ్లకు కొట్టుకొని ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు. వేగంగా వచ్చే రైలు బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుంది. లోకోపైలట్ మిమ్మల్ని చూసినా హారన్ కొట్టడం తప్ప ఏమీ చేయలేడు. రెండు లైన్లున్న చోట ఇంకా ఘోరం: ఒక రైలుకు దారిచ్చి రెండో లైను మీదికి తప్పుకుంటారు, దాని మీద ఇంకోటి వస్తుంది.

సొరంగంలోకి అసలు వెళ్లకండి. గోడల్లో గూళ్లు ఉంటాయి కదా అంటారు. అవి పట్టాల పని చేసే గ్యాంగ్‌మెన్ కోసం. ఏ గూడు ఎక్కడుందో, రైలు ఎప్పుడొస్తుందో తెలిసి పనిచేసేవాళ్లు వాళ్లు. చీకట్లో పరిగెడుతూ గూడు వెతుక్కోవడం మీ వల్ల కాదు. అన్నట్టు, పట్టాల మీద నడవడం రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

బయల్దేరే ముందు చేయాల్సినవి కొన్ని. ఇది పులుల అభయారణ్యం ఉన్న అడవి, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. దారి తెలిసిన మనిషి, వీలైతే చెంచు గూడెం నుంచి ఒకరు, వెంట ఉండాలి. వాళ్లకు ఇవ్వాల్సిన కూలి పొద్దున్నే ఇచ్చేయండి. తిరుగు రైలుకు రిజర్వేషన్ చేయించకండి; చేతిలో టికెట్ ఉంటే కాళ్లు పట్టాల వైపే లాగుతాయి. నంద్యాల–గిద్దలూరు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు తిరుగుతాయి. రోడ్డెక్కే దారి ఏదో పొద్దునే అడిగి పెట్టుకోండి. రైలు పోతే పోనివ్వండి.

నడకలో: మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగండి. చూడాల్సింది ఇంకో ఫర్లాంగు దూరంలో ఉన్నా సరే. తిరుగు దారికి పొద్దుటి కంటే ఎక్కువ సమయం పడుతుంది, కొండ మరుగున ఐదింటికే మసక పడుతుంది.

వాగు నీళ్లు మట్టి రంగుకు మారి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే వెంటనే గట్టెక్కండి. మీ నెత్తిన ఎండ ఉన్నా పైన కొండ మీద వాన పడి ఉంటుంది. మోకాలు దాటిన నీళ్లలో దిగకండి. అవతలి గట్టున చిక్కుకుంటే అక్కడే కూర్చోండి, నీళ్లు తగ్గాకే రండి. రైలు పోతే పోనివ్వండి.

ఒంటరిగా చాటుకు వెళ్లకండి. 2024 జూన్‌లో ఇదే అడవిలోని పచ్చర్ల ఊరి దగ్గర చిరుత దాడిలో ఒకామె ప్రాణం పోయింది. సీతాఫలం చెట్ల కింద ఎలుగుబంటి ఉండొచ్చు, మాట్లాడుకుంటూ, చప్పుడు చేస్తూ వెళ్లండి. సెంటు పూసుకోకండి. తేనెపెర కింద నిలబడకండి, పొగ పెట్టకండి. పాత మీటర్ గేజ్ కాలం నాటి దొరబావి వంతెన స్తంభాలు ఎక్కకండి. కరెంటు తీగల కింద సెల్ఫీ కర్ర ఎత్తకండి, అందులో 25,000 వోల్టులు ఉంటాయి. పాము కరిస్తే కోయకండి, కట్టు బిగించకండి, నడిపించకండి. కాలో చెయ్యో కదలకుండా పెట్టి మోసుకెళ్లండి, 108కి చేయండి. సిగ్నల్ లేకపోతే ఇద్దరిని రోడ్డుకు పంపండి, ఒక్కరిని కాదు. వెనకబడిన వాళ్లను వదిలి ముందుకు పోకండి. గుంపులో పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే వాళ్ల నడకే అందరి నడక. "నాకు తెలుసులే" అనేవాణ్ణి ముందు పెట్టకండి. తాగి వచ్చినవాణ్ణి స్టేషన్ నుంచే వెనక్కి పంపండి. ఎవరైనా పట్టాల మాట ఎత్తితే అక్కడే ఆపండి, నవ్వి వదిలేయకండి, వాడు ఎంత పెద్దవాడైనా సరే.

ఆ అమ్మాయి చేతికి రెండు చెట్టుకొమ్మలు ఆనించి నా తువ్వాలుతో కట్టాను. కడుతున్నంతసేపూ ఒకటే అడిగింది, "అంకుల్, రైలు వెళ్లిపోయిందా?" అని.

వచ్చే ఆదివారం నాతో వచ్చేవాళ్లు ఏడింటికల్లా నంద్యాల స్టేషన్‌లో ఉండండి. ఈల, టార్చి, రాత్రికి సరిపడా రొట్టె, ఒక దుప్పటి తెచ్చుకోండి. ఆ రాత్రి ప్లాట్‌ఫారం మీద పడుకోవాల్సి రావచ్చని ఇంట్లో ముందే చెప్పి రండి.