ఇంటి నుంచి ఆన్‌లైన్ సంపాదన – 4వ పాఠం: ఆడియో విని టైప్ చేసే పని, దాని ధర లెక్క

గత పాఠంలో విండోస్‌లో తెలుగు యూనికోడ్ కీబోర్డు పెట్టుకున్నాం. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకే చేసిన కీల అమరిక) అయినా, ఫొనెటిక్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేది) అయినా చేతికి ఏది పట్టుబడితే అదే. చూడకుండా నిమిషానికి పాతిక మాటలు కొట్టగలిగితే ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. ఇంకా రాకపోతే మరో వారం టైపింగే చేయండి. ఆగి ఆగి కొట్టే చేతికి ఈ పనిలో రోజు కూలీ కూడా గిట్టదు.

పరిశోధక విద్యార్థులు ఊళ్లలో చేసిన ఇంటర్వ్యూలు, యూట్యూబ్ చానళ్ల వీడియోలు, పెద్దవాళ్లు చెప్పగా ఇంట్లోవాళ్లు రికార్డు చేసిన జ్ఞాపకాలు – ఇలాంటి ఆడియో మీకు పంపుతారు. మీరు విని, అక్షరాల్లో పెట్టి, ఫైలు తిరిగి పంపాలి. కంప్యూటర్, నెట్ కాకుండా కొనాల్సింది ఒక్క వైరు ఇయర్‌ఫోన్స్. బ్లూటూత్‌వి వద్దు. ఆడియో ఆపి మళ్లీ నొక్కిన ప్రతిసారీ అవి మొదటి అక్షరాన్ని మింగేస్తుంటాయి, ఈ పనిలో ఆపడం, నొక్కడం గంటకు కొన్ని వందలసార్లు ఉంటుంది.

ధర చెప్పే ముందు 5 నిమిషాలు

డబ్బు అవసరంలో ఉన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "ఎంత తీసుకుంటారు?" అని అడగ్గానే "పేజీకి ఇరవై" అనేస్తారు. పేజీ అంటే ఎంత? అక్షరం సైజు 12 పెడితే ఒకటి, 16 పెడితే ఇంకొకటి. పైగా గాలి హోరులో రికార్డు చేసిన పేజీకీ, గదిలో రికార్డు చేసిన పేజీకీ పట్టే సమయంలో పోలికే ఉండదు. ఈ పనికి కొలత ఆడియో నిమిషం. ఏ ఫైలుకైనా ధర చెప్పే ముందు దాని మధ్యలోంచి 5 నిమిషాల ముక్క అడగండి. మొదట్లోంచి వద్దు. మొదట్లో అందరూ నిదానంగా, మైకు దగ్గరగా మాట్లాడతారు.

ఆ ముక్కను గడియారం పెట్టుకుని టైప్ చేయండి. 40 నిమిషాలు పట్టిందనుకుందాం. అంటే నిమిషం ఆడియోకి 8 నిమిషాల పని. గంట ఫైలుకు 8 గంటలు. తర్వాత ఆడియో వింటూ ఒకసారి సరిచూడటానికి మరో గంటన్నర. మొత్తం 9.5 గంటలు. మీ గంటకు కనీసం 80 రూపాయలు రావాలనుకుంటే 760 రూపాయలు. దాన్ని 60తో భాగిస్తే నిమిషానికి దాదాపు 12.67. 13 చెప్పండి. నెట్ సెంటర్‌లో కూర్చుని చేసేవాళ్లు అక్కడి గంట అద్దెను కూడా ఆ 80కి కలుపుకోవాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

చేయి తిరిగినవాళ్లకు కూడా గంట ఆడియోకి నాలుగు గంటలు పడుతుంది. కాబట్టి మొదటి నెలలో 8 రెట్లు పట్టిందని దిగులు అక్కర్లేదు. కానీ 12 రెట్లు దాటిన ఫైలును వదిలేయండి. నలుగురైదుగురు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడే చర్చల ఫైళ్లు అలాంటివే. వాటిలో ఎవరి గొంతు ఎవరిదో తేల్చడానికే సగం రోజు పోతుంది.

పనిముట్టు

ఓట్రాన్‌స్క్రైబ్ అనే ఉచిత వెబ్‌సైటు చాలు. ఆడియో, టైప్ చేసే చోటు ఒకే తెరమీద ఉంటాయి. ఎస్కేప్ కీ ఆపడానికీ మళ్లీ నడపడానికీ, ఎఫ్1 వెనక్కి, ఎఫ్2 ముందుకు, ఎఫ్3 వేగం తగ్గించడానికి, ఎఫ్4 పెంచడానికి. కంట్రోల్, జె కలిపి నొక్కితే ఆడియోలో ఆ క్షణపు సమయం టైప్ అవుతుంది. ల్యాప్‌టాప్‌లో ఎఫ్1 నొక్కితే సౌండో వెలుతురో మారుతుంటే, ఎఫ్‌ఎన్ కీ కలిపి నొక్కండి.

ఒక్క ప్రమాదం ఉంది. మీరు కొట్టిందంతా ఆ కంప్యూటర్‌లోని బ్రౌజర్‌లోనే దాచిపెట్టి ఉంటుంది. నెట్ సెంటర్ అబ్బాయి సాయంత్రం హిస్టరీ మొత్తం తుడిచేశాడంటే, లేదా ఇన్‌కాగ్నిటో విండోలో (మూయగానే అన్నీ చెరిపేసే విండో) పనిచేసి మీరే మూసేశారంటే, ఇక అంతే. ప్రతి 20 నిమిషాలకోసారి మొత్తం కాపీ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి.

గూగుల్ డాక్స్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది. ఇయర్‌ఫోన్‌లో విన్న వాక్యాన్ని మీరు స్పష్టంగా తిరిగి పలికితే అది టైప్ చేస్తుంది. చేతులు నొప్పెట్టేవాళ్లకు మంచిదే. ఆడియోను ఫోన్‌లో నడిపించండి, ఎందుకంటే డాక్స్ ఉన్న విండోలోంచి బయటికి వెళ్లగానే మైకు ఆగిపోతుంది. చుక్కలు, కామాలు చేతితోనే పెట్టుకోవాలి. ఇక ఆడియోను సరాసరి యంత్రానికి ఇచ్చి రాయించే పద్ధతి అంటారా, పని ఇచ్చినవాళ్ల అనుమతి లేకుండా వద్దు. ఇంటర్వ్యూల్లో జనం సొంత సంగతులు ఉంటాయి.

రాసే తీరు

పని ఒప్పుకునేటప్పుడే అడగాల్సిన ప్రశ్న: యాసను ఉన్నదున్నట్టు ఉంచాలా, సరిచేయాలా? "మాకున్నది పది గుంటలే సార్. కూలికి పోతె మున్నూరు ఇస్తరు" అని ఒక రైతు అంటాడు. పరిశోధకులకు సాధారణంగా ఇదే రూపంలో కావాలి. యూట్యూబ్ వాళ్లు "కూలికి పోతే మూడు వందలు ఇస్తారు" అని కోరవచ్చు. ముందు అడగకపోతే మొత్తం తిరగరాయాల్సి వస్తుంది, దానికి ఎవరూ విడిగా డబ్బివ్వరు.

ఇదే వాక్యంలో అసలు గొయ్యి కూడా ఉంది. కోస్తా జిల్లాల నుంచి పనిచేసేవాళ్లకు పొలం కొలత సెంట్లలో అలవాటు. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు. ఆ సంగతి తెలియని చెవికి "పది గుంటలే" అన్నది "పది గంటలే" అని వినిపిస్తుంది. టైప్ చేశాక చదివితే ఏ తప్పూ కనిపించదు, పది గంటలే కరెంటు ఉందేమో అనిపిస్తుంది. అందుకే సరిచూడటం కళ్లతో కాదు, ఆడియో మళ్లీ వింటూ చేయాలి. పొలం కొలతలు, కూలి రేట్లు, ఊళ్ల పేర్లు వచ్చినచోట ఇంకోసారి వెనక్కి వెళ్లి వినండి.

వినబడని చోట ఊహించి నింపకండి. [వినబడలేదు 00:14:32] అని సమయంతో సహా పెట్టండి. అనుమానం ఉంటే [గుంటలు? 00:14:32]. ఇలాంటి గుర్తులున్న ఫైలు చూస్తే పని ఇచ్చినవాళ్లకు మీమీద నమ్మకం పెరుగుతుందే గాని తగ్గదు.

ఫైలు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే తెలుగు) కావాలా, అను ఫాంట్‌లో కావాలా అన్నదీ ముందే అడగండి. ప్రెస్సులవాళ్లు కొందరు ఇంకా అనులోనే అడుగుతారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అది పిచ్చిగీతల్లా తెరుచుకుంటుంది.

డబ్బు

కొత్తవాళ్ల దగ్గర మొదట 10 నిమిషాల ఆడియో పూర్తిచేసి పంపి, దాని డబ్బు యూపీఐలో వచ్చాకే మిగతాది మొదలుపెట్టండి. 13 రూపాయల చొప్పున 130. ఆపాటి ఇవ్వడానికే వాయిదా వేసేవాళ్లు గంట ఫైలుకు 780 ఇస్తారనుకోవద్దు. డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టాల్సిన పనే లేదు. కొట్టమన్నారంటే అది మీ ఖాతాలోంచి పోవడానికే.

"రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, పేజీకి వంద ఇస్తాం" అనే టైపింగ్ ఉద్యోగాలు పూర్తిగా మోసం. ఇలాంటి మోసాల్లో ఇంకో రకం మరీ దుర్మార్గం: ఫీజు అడగరు, ఒప్పందం మీద సంతకం చేయించుకుంటారు, వారం తర్వాత "తప్పులు ఎక్కువున్నాయి, జరిమానా కట్టండి" అని లాయరు నోటీసు లాంటిది వాట్సాప్‌లో పంపుతారు. భయపడి కట్టకండి. ఆ మెసేజ్‌లు చెరపకుండా ఉంచి సైబర్ క్రైం పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ ఆ సొమ్మును బ్యాంకులో ఆపడం కష్టమవుతుంది.

అభ్యాసం

ఆకాశవాణి తెలుగు వార్తల్లోంచి 5 నిమిషాలు టైప్ చేయండి. తర్వాత ఒక పల్లెటూరి రైతుతో చేసిన వీడియో ఇంటర్వ్యూ నుంచి మరో 5 నిమిషాలు. రెండింటికీ ఎన్ని రెట్లు సమయం పట్టిందో వేరువేరుగా రాసుకుని, పై లెక్క ప్రకారం రెండింటికీ నిమిషం ధర కట్టండి. ఇంటర్వ్యూ ఫైలును చెరిపేయకండి. వచ్చే పాఠంలో దానికే సమయాలు కట్టి సబ్‌టైటిల్స్ చేస్తాం.