సీరియల్లో వినపడని పాత్ర రాయాలంటే ఎట్టా?

మా బావ, అంటే మేనత్త కొడుకు, కావలిలో టైలరు. పుట్టుకతోనే వినపడదు. రాత్రి షాపు కట్టేసి వచ్చి అత్త పక్కన కూర్చుని రెండు సీరియళ్లు చూస్తాడు. కింద అక్షరాలేమీ పడవు కదా, మొహాలు చూసే కథంతా లాగేస్తాడు. ఒకసారి ఒక సీరియల్లో హీరో చెల్లెలిగా వినపడని పిల్ల వచ్చింది. ఇదైనా బావకి బాగా ఎక్కుతుందిలే అనుకున్నాం. ఆ పిల్ల చేతులు తెగ ఊపుతుంటే బావ రెండు నిమిషాలు కళ్లు చికిలించి చూసి, మా వైపు తిరిగి, "ఏం చెప్తోంది?" అని సైగ చేశాడు. మాకు అర్థమైంది, ఎందుకంటే పక్కనున్న వదిన పాత్ర ఆ పిల్ల ప్రతి ఊపునీ నోటితో తర్జుమా చేసి పెడుతోంది. ఎవరి పేరు చెప్పి ఆ పాత్ర పెట్టారో ఆయనొక్కడికే అర్థం కాలేదు.

నేను షార్ట్ ఫిల్ములకి, అప్పుడప్పుడూ సీరియళ్లకి డైలాగులు రాస్తుంటాను. నెల్లూరు, ఒంగోలు నుంచి ఈ పని కోసం హైదరాబాద్ బస్సెక్కే వాళ్లు నన్ను అడుగుతుంటారు కాబట్టి, ఇట్టాంటి పాత్ర చేతికొస్తే ఏం చేయాలో నాకు తెలిసినంత చెప్తాను.

ముందు ఒకటి ఒప్పుకోండి. మన సీరియల్ నడిచేదే చెవుల మీద. తలుపు చాటున నిలబడి వినడం, ఫోన్లో సగం విని అపార్థం చేసుకోవడం, మెట్ల మీద కాఫీ కప్పు జారవిడవడం, ఇవి తీసేస్తే వారానికి సరిపడా ఎపిసోడ్లు ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే వినపడని పాత్ర రాగానే రైటర్‌కి టెన్షన్ పట్టుకుని రెండు దార్లే కనపడతాయి. ఒకటి, ఇంట్లో ఏం జరుగుతున్నా తెలియని అమాయకురాలు. రెండోది, ఎదురు మేడ మీద విలన్ పెదాలు కదుపుతుంటే కుట్రంతా పొల్లు పోకుండా చదివేసే మంత్రగత్తె. రెండూ వద్దు.

ఆ రెండోది ఎందుకు అబద్ధమో మీరే చూసుకోవచ్చు. అద్దం ముందు నిలబడి గొంతు రానివ్వకుండా పాట, బాట, మాట అనండి. పెదాల మీద మూడూ ఒకటే. క, గ అయితే నోట్లో వెనకెక్కడో పుడతాయి, అసలు కనపడవు. దానికి తోడు మీసాలు, వక్కపొడి, మాట్లాడుతూ తల తిప్పేసే అలవాటు. బావ పెదాలు చదవడా అంటే చదువుతాడు, కానీ తెలిసిన మనిషి తెలిసిన విషయం మాట్లాడితేనే. జాకెట్టు ఎప్పుడిస్తావని అడిగేది షాపుకొచ్చే అందరూ అడిగేదే, దానికి పెదాలు చూడక్కర్లేదు. విషయం కొత్తదైతే మాత్రం బిల్లు పుస్తకం తిరగేసి, వెనక రాయమని పెన్ను ఇస్తాడు.

మరి ఆ పాత్రకి రహస్యాలు ఎట్టా తెలియాలి? కంటితో. ఒకసారి షాపుకి పెళ్లి జాకెట్లు కుట్టించుకోవడానికి ఒక అమ్మాయి వాళ్లమ్మతో వచ్చింది. మెడ ఎంత దించాలి, చేతులు ఎంత పొడవు, అన్నిటికీ తల్లే చేత్తో చూపిస్తోంది, ఆ పిల్ల ఒక్కసారి కూడా అద్దం వంక చూడలేదు, టేపు నడుము చుట్టూ తిప్పితే ఎప్పుడు వదిలిపెడతారా అన్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడింది. సాయంత్రం బావ ఇంటికొచ్చి, ఈ పెళ్లి జరగదు, ఆ జాకెట్లు ఇప్పుడే కత్తిరించను అని సైగ చేస్తే అత్త తిట్టింది. రెండు వారాలకి పెళ్లి ఆగింది. తలుపు చాటు సీనుకి బదులు ఇట్టాంటిది రాయండి. వినపడదు కదా అని జనం అలాంటి మనిషి ముందు కాగితాలు దాచరు, మొహం సర్దుకోరు, మీ కథకి అదే పెట్టుబడి.

పాత్ర గురించి ముందే రాసిపెట్టుకోవాల్సినవి ఎప్పటి నుంచి వినపడదు, ఎంత వినపడదు అనే రెండు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపముంటే బధిరుల కింద లెక్క, 60 నుంచి 70 అయితే వినికిడి తగ్గినవాళ్ల కింద లెక్క. పదిహేనేళ్ల వయసులో జ్వరమొచ్చి వినికిడి పోయినవాడికి మాట శుభ్రంగా వస్తుంది. పుట్టుకతో వినపడని వాళ్లలో ఎక్కువ మందికి గొంతులో ఏ లోపమూ ఉండదు, వినలేదు కాబట్టి మాట పట్టుబడలేదు, అంతే. నవ్వుతారు, అరుస్తారు, బావకి కోపమొస్తే వీధి చివరిదాకా వినపడుతుంది. చెవుడు అనగానే మూగ అని పక్కన తగిలించేయడం మానండి. 2018లో వచ్చిన రంగస్థలంలో చిట్టిబాబు తక్కువ వినపడే మనిషే గానీ నోరు మాత్రం గడగడా నడుస్తుంది, జనం ఆ పాత్రని ఎంత సొంతం చేసుకున్నారో చూశాం కదా.

చెవి మిషను పెట్టించారనుకోండి, దాన్ని కమ్మలాగా అలంకారానికి వదిలేయకండి. తలస్నానానికి తీస్తారు, వానలో తీస్తారు, నెల్లూరు ఎండల్లో చెమటకి పాడైపోతుందని భయపడతారు. గట్టిగా కౌగిలించుకుంటే చెవి మూసుకుపోయి కీచుమంటుంది. తల్లీకూతుళ్లు ఇరవై ఏళ్లకి కలుసుకుని హత్తుకున్న సీన్లో ఆ కీచుమనే చప్పుడు పెట్టే రైటర్ ఎవడో వాడికి నేను భోజనం పెట్టిస్తాను, చేపల పులుసుతో.

ఇంకొకటి, ఆపరేషన్. ఆరోగ్యశ్రీ వచ్చాక చిన్నపిల్లలకి చేసే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే చెవి లోపల వినికిడి పరికరం అమర్చే ఆపరేషన్ గురించి మన ఊళ్లలో కూడా తెలిసింది. సీరియల్లో మాత్రం కట్టు విప్పగానే హీరోయిన్ "అమ్మా" అంటుంది. ఆపరేషన్ చేసిన కొన్ని వారాలకి గానీ బయటి మిషను ఆన్ చేయరు, ఆ తర్వాత పిల్లలకైతే ఏళ్ల తరబడి విని మాట నేర్చుకునే శిక్షణ ఉంటుంది. పుట్టుకతో వినపడకుండా పాతికేళ్లు పెరిగిన మనిషికి అది పెట్టినా మన మాటలు టకటకా అర్థమైపోవు. పైగా నయం కావడమే ముగింపు అయితే, అప్పటిదాకా మూడొందల ఎపిసోడ్లు ఆ పిల్ల బతికిందంతా వెయిటింగ్ హాల్లో కూర్చున్నట్టే కదా.

సైగల భాష దగ్గరికొద్దాం. అది తెలుగుని చేతులతో మాటకి మాట ఊపడం కాదు. దానికి దాని వ్యాకరణం ఉంది. కాలం ముందు చెప్తారు, ఏమిటి, ఎక్కడ, ఎందుకు అనే ప్రశ్న చివర్లో వస్తుంది, కాదు, వద్దు కూడా చివర్లోనే, కనుబొమ్మలు, బుగ్గలు, తల ఊపడం అన్నీ అర్థంలో భాగమే. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల ఒంటిచేతి అక్షరాలు చూసి నేర్చుకొచ్చిన నటిని బావ పది సెకన్లలో పట్టేస్తాడు, మన దగ్గర ఇంగ్లిష్ అక్షరాలు రెండు చేతులతో చూపిస్తారు. 2015లో కేంద్రం ఢిల్లీలో భారతీయ సైగల భాషకి ఒక పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది, వాళ్లు తయారు చేసిన నిఘంటువు 2021కల్లా 10,000 పదాలకి చేరింది. దాన్ని చూసి డైలాగు కూర్చమని కాదు, మీరు భావం రాయండి, సైగ ఎట్టా ఉండాలో ఆ భాషలోనే పెరిగిన మనిషి చేతికి వదిలేయండి. ఒకరినొకరు పిలుచుకోవడానికి పేరుకో సైగ ఉంటుంది, అది మాత్రం మీరు సరదాగా ఆలోచించుకోవచ్చు. నాకు బావ పెట్టిన పేరు చెవి మీద పెన్ను దోపుకోవడం.

అసలు దెబ్బ కెమెరా దగ్గర పడుతుంది. మన సీరియళ్లకి మొహం మీదకి దూకే క్లోజప్, అది కూడా మూడుసార్లు, ఉరుము చప్పుడుతో. సైగ చేసే మనిషికి అట్టా క్లోజప్ పెట్టారంటే మధ్యలో నోరు మూసినట్టే, చేతులు ఫ్రేములోంచి పోతాయి. సీన్ పేపర్‌లోనే "నడుము నుంచి తల పైదాకా" అని రాసేయండి, డైరెక్టర్ విసుక్కున్నా రాయండి.

ఈ పద్ధతిలో వచ్చే డ్రామా మామూలుగా రాదు కూడా. మొగుడూ పెళ్లాం సైగల్లో కొట్లాడుతుంటే ఆమె కళ్లు మూసుకుందంటే అయిపోయింది, ఇంక వాడు ఎంత గింజుకున్నా చేరదు. కరెంటు పోయిందనుకోండి, తిట్టు సగంలో ఆగిపోతుంది, ఫోన్ టార్చ్ కోసం ఇద్దరూ తడుముకుంటారు, వెలుగొచ్చేసరికి ఒకరికి నవ్వొచ్చేస్తుంది. రొట్టెల పండగకి నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో వేల మంది నీళ్లలో దిగి ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని మార్చుకుంటుంటే, మైకులు, అరుపులు, పక్కనున్నోడి మాట కూడా వినపడదు. ఆ గోలలో చెరువుకి ఇటొకరు అటొకరు నిలబడి తీరిగ్గా కబుర్లు చెప్పుకునేది సైగల వాళ్లే. అక్కడ ఎవరికి వినపడటం లేదో చెప్పండి.

నటుల సంగతి. వినపడని వాళ్లనే పెట్టమంటే, ఎక్కడ దొరుకుతారండీ అంటారు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వినికిడి లోపమున్నవాళ్లు 50 లక్షల పైచిలుకు, వాళ్లలో నటన వచ్చినవాళ్లు నలుగురు దొరకరా? అమెరికాలో ఒక కుటుంబ సీరియల్ వాళ్లు 2013లో వినపడని నటులతో దాదాపు ఎపిసోడ్ మొత్తం సైగల్లోనే నడిపించారు. మనకి అంత ధైర్యం లేకపోతే ఒక ట్రాక్‌తో మొదలుపెట్టండి, సెట్లో రోజంతా ఒక ఇంటర్‌ప్రెటర్ ఉండాలని మాత్రం పట్టుబట్టండి. కామెడీ రాసేటప్పుడు ఇంకో మాట గుర్తుంచుకోండి. 2024 జులై 8న సుప్రీంకోర్టు, వైకల్యాన్ని హేళన చేసే హాస్యం వేరు, దాన్ని అర్థం చేసుకోవడానికి పనికొచ్చే హాస్యం వేరు అని తెరమీది చిత్రణల గురించి చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత విలన్ నోట్లో పెడితే పెట్టండి, హీరో నోట్లో పెట్టి చప్పట్లు కొట్టించుకోకండి.

పేపర్ ఇచ్చే ముందు సీను ఒకసారి వినపడని మనిషికి చూపించండి. నా మొదటి సీను నేను బావకి చూపించాను. పెద్ద కోడలికి వినపడదు, పూజ గదిలోంచి హారతి పళ్లెంతో వచ్చి అత్తగారిని ఏడు వాక్యాలు నిలదీస్తుంది. రాస్తున్నప్పుడు నాకే కళ్లనీళ్లొచ్చిన సీను. బావ అంతా చదివి, రెండు చేతులతో పళ్లెం పట్టుకున్నట్టు చూపించి, నా వంక చూస్తూ ఊరుకున్నాడు. నాకు వెలగడానికి చాలాసేపు పట్టింది. ఇప్పుడు ఆ సీన్లో కోడలు ముందు పళ్లెం టీపాయి మీద పెడుతుంది. తర్వాతే తగులుకుంటుంది.