బావి ఈతగాళ్లు పగడపు దిబ్బల్లో దిగే ముందు

మా అనంతపురం పల్లెల్లో ఈత వచ్చినోళ్లలో చానామంది బావిలో నేర్చుకున్నోళ్లే. నడుముకు ఎండు సొరకాయ కట్టి, మామ గట్టు మీద నుంచి తోసేస్తే వచ్చిన ఈత. ఊపిరి బిగబట్టి అడుగు నుంచి మట్టి తెచ్చినోడే మొనగాడు. కర్ణాటక తీరంలోని మురుడేశ్వర్‌లో పడవెక్కి, వీపున గాలి సిలిండరు కట్టుకుని మునిగే స్కూబా కోసం నేత్రాణి దీవికి పోతున్నారా? ఆ మొనగాడితనాన్ని ఒడ్డునే వదిలిపెట్టండి.

బావిలో మునిగేటోడు గట్టు మీది గాలి పీల్చుకుని మునుగుతాడు. స్కూబాలో గాలి పీల్చేది లోతున. పది మీటర్లు, అంటే సుమారు ఆరు మట్ల కింద ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. అక్కడ నిండుగా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలు ఉబ్బుతుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. భయమేసినా, మాస్కులోకి నీళ్లొచ్చినా ఊపిరి ఆపొద్దు. బుడగలు పోతూనే ఉండాలి.

చెవులు నొప్పి పుట్టకముందే, దిగడం మొదలైనప్పటి నుంచీ ముక్కు మూసి మెల్లగా ఊదుతుండాలి. చెవులు తెరుచుకోకపోతే కొంచెం పైకి రండి, బలంగా ఊదొద్దు. జలుబుంటే అసలు దిగొద్దు. డబ్బు కట్టేశామని మాత్ర మింగి దిగితే, దాని బలం నీళ్లలోనే తగ్గి, పైకొచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుంటుంది. ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు ఉంటే ఫారంలో దాచొద్దు.

నవ్వుకోకపోతే ఇంకో మాట: మీసం. మన సీమ మీసాల సందుల్లోంచి మాస్కులోకి నీళ్లు కారతాయి. తీసేయమనను గానీ, ముక్కు కింద సన్నగా కత్తిరించుకోండి. లోపల బాగుందని బొటనవేలు ఎత్తారంటే పైకి పోదామని అర్థం, పట్టుకుని పైకి తెచ్చేస్తారు. బాగుందనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

పగడమంటే మనకు ఉంగరంలో రాయి. అక్కడున్నది ప్రాణమున్న జీవుల గుంపు. కొన్ని జాతులు ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగవు, మన కాలు ఒక్క తాపుకే విరుగుతాయి. నిలబడొద్దు, పట్టుకోవద్దు. కొన్ని ముట్టుకుంటే నిప్పు తగిలినట్టు మండుతుంది, రాయి అనుకున్నది ముళ్లలో విషమున్న రాతిచేపా కావచ్చు. ముక్క జేబులో వేసుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

అందరూ మరిచేది తిరుగు ప్రయాణం. లోతున పీల్చిన గాలిలోంచి ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా పోవాల. అంతలోనే ఎత్తుకు పోతే ఒత్తిడి తగ్గి అది ఒంట్లో బుడగలు కడుతుంది. ఒక్కసారి దిగితే 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు. మనం పోయేది కారులోనే కదా అనుకోవద్దు: అనంతపురం రావాలంటే పడమటి కనుమలు ఎక్కాల్సిందే. ఆ రాత్రి మురుడేశ్వర్‌లోనే పడుకోవడం మేలు. ఇంటికొచ్చాక కీళ్లనొప్పులు, తిమ్మిర్లు, తల తిరగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి పోయి, 'నిన్న సముద్రంలో స్కూబా దిగినా సార్' అని ముందే చెప్పండి. మీరు చెప్పకపోతే మన ఊళ్లో ఆ ఊహ ఎవరికొస్తుంది?