షోపేన్ దాటి పోలండ్ సంగీతం వినాలంటే

పోలండ్ స్వరకర్తల్లో షోపేన్ కాక ఇంకెవరిని వినాలంటే, నేనైతే గ్రాజినా బట్సేవిచ్‌తో మొదలుపెట్టమంటాను. స్వయంగా వయొలినిస్టు. ఆమె 1952లో రాసిన పియానో క్వింటెట్ (పియానో, నాలుగు తీగ వాద్యాలు కలిసి వాయించే రచన) నంబర్ 1ను పియానిస్టు క్రిస్టియన్ జిమర్‌మన్ రికార్డు చేశాడు. నేరుగా రెండో భాగం పెట్టండి. ఒబెరెక్ అనే పల్లె నాట్యం లయ అది, మూడేసి దెబ్బలతో గిరగిరా తిరుగుతుంది. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది!

నెట్‌లో వెతికేటప్పుడు ఆమె పేరు Grażyna Bacewiczలో మొదటి జెడ్ మీద చుక్క పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి కొట్టండి. డక్స్, పోల్‌స్కియె నగ్రానియా అనే రికార్డు కంపెనీల లేబుళ్లు కూడా తిరగేయండి. 1909లో టాట్రా కొండల్లో మంచుచరియల కింద పడి చనిపోయిన స్వరకర్త కార్వోవిచ్ వయొలిన్ కాన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వయొలిన్ ముందుండి వాయించే రచన) వదలొద్దు.

ఎవరికైనా పంపేటప్పుడు ఉత్త లింకు పంపకండి. రచన పేరు, సంవత్సరం, వాయించినవాళ్లు, ఏ నిమిషం నుంచి వినాలో రాయండి. మా వదిన అలా రాస్తేనే విన్నది.