పళ్లెం నిండా అన్నమున్నా అవ్వ ఎందుకు చిక్కిపోతోంది?

పిల్లలు హైదరాబాదుకో దుబాయికో పోయిన ఇళ్లలో ముసలివాళ్లు పొద్దున ఒక్కసారి వండుకుని రాత్రికీ అదే సరిపెడతారు. రేషన్ సన్నబియ్యం ఉన్నాయి కాబట్టి అన్నానికి లోటు లేదు. లోటంతా పక్కన పెట్టుకునేదాంట్లోనే: ఇంత పచ్చిపులుసు, ఇంత తొక్కు. కడుపు నిండుతుంది, కండ కరుగుతుంది.

ముందు కొలవండి. నెలకోసారి, ఒకే కాంటా మీద, పొద్దున తినకముందు. 50 కిలోల మనిషి ఆరు నెలల్లో రెండున్నర కిలోలు తగ్గితే వయసు మీద నెట్టేయొద్దు. కాంటా లేదా? టైలర్ టేపు చాలు. కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేలకు ఆనించి, పిక్క బాగా లావున్నచోట చుట్టండి. 31 సెంటీమీటర్లకు తక్కువొస్తే అనుమానించాలి. కాళ్లకు నీరొస్తే మాత్రం రెండు కొలతలూ మోసం చేస్తాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, రవికె వదులైందా చూడండి.

"ఇంకో ముద్ద తినవ్వా" అని బతిమాలితే పని కాదు. ముద్దలు అన్నే ఉంచి బలం పెంచాలి. 50 కిలోల మనిషికి రోజుకు 50–60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లలో 12, యాభై గ్రాముల పప్పులో 11, రెండు గ్లాసుల పాలలోనో పెరుగులోనో 12, గుప్పెడు పల్లీల్లో 7 వస్తాయి. మిగతాది అన్నం, జొన్నల నుంచి. జొన్న గట్కను పలుచటి సల్లలో కాక గడ్డపెరుగులో కలిపి, రెండు చెంచాల పల్లీల పొడి వేయండి. అంబలి గ్లాసులకు గ్లాసులు తాగిస్తే నీళ్లతోనే కడుపు నిండుతుంది.

పళ్లు లేనివాళ్లకు రొట్టెను పప్పులో పది నిమిషాలు నాననివ్వండి. ఉడికిన గుడ్డు గొంతుకు అడ్డం పడుతోందంటే మరుగుతున్న పప్పుచారులో కొట్టిపోసి గట్టిపడనివ్వండి. నీసు ముట్టని వారాల్లో రాత్రి నానేసిన బొబ్బర్లను కుక్కర్లో మెత్తగా ఉడికించి గుడాలు పెట్టండి. నోటికి రుచి తెలియదంటే ఉప్పు పెంచకుండా నిమ్మకాయ, ఎల్లిపాయ, కొత్తిమీర వాడండి. తినబోయే ముందు చాయ్ వద్దు, ఆకలి చస్తుంది.

ఒంటరివాళ్లు వండుకోకపోవడానికి సగం కారణం తోడు లేకపోవడమే. పక్కింటివాళ్లతో కలిసి ఒక్కపూటైనా తినేలా చూడండి.

షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కొందరికి ఆకలి తగ్గిస్తుంది. మాత్ర ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి. కిడ్నీ జబ్బుంటే పైన చెప్పిన మాంసకృత్తుల లెక్క పనికిరాదు, డాక్టరే చెప్పాలి. తింటుంటే పొలమారుతున్నా దవాఖానలో చూపించాలి. ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెట్టొద్దు. రక్తంలో లవణాలు పడిపోయి గుండెకే ప్రమాదం, అందుకని ముందు దవాఖానకు తీసుకెళ్లండి.