ఫోన్‌లో చెప్పేదే పేజీ మీద రాయండి: చిన్న ఆన్‌లైన్ షాపు గూగుల్‌లో కనబడాలంటే

వరంగల్ కొత్తవాడలో నేసిన దర్రీ (జంపఖానా) ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే లైకులు వస్తాయి, వాట్సాప్ స్టేటస్‌లో పెడితే తెలిసినవాళ్లు రేటు అడుగుతారు. కానీ పుణెలోనో బెంగళూరులోనో కూర్చుని "వరంగల్ కాటన్ దర్రీ" అని గూగుల్‌లో వెతికే మనిషికి మీరున్న సంగతే తెలియదు, డబ్బు చేతిలో పట్టుకుని వెతుకుతున్నది మాత్రం ఆయనే. హనుమకొండలో సకినాలు, సర్వపిండి చేసి పంపేవాళ్లు, చపాట మిర్చి కారం అమ్మేవాళ్లు, పెంబర్తి ఇత్తడి సామాను పెట్టినవాళ్లు, ఇలా సొంత వెబ్‌సైట్ ఉన్న చిన్న షాపులవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పే పనులకు దాదాపుగా ఖర్చు లేదు. టైమ్ పడుతుంది, ఓపిక కావాలి.

ముందుగా మీ షాపు గూగుల్‌కు అసలు తెలుసో లేదో చూడండి. సెర్చ్ బాక్సులో ఇంగ్లిష్‌లో "సైట్" అని కొట్టి, కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైట్ అడ్రస్ కొట్టండి. మీ పేజీలు వరసగా వస్తే సరే. ఒక్కటీ రాలేదంటే ఎక్కడో తలుపు మూసి ఉన్నట్టు. సైటు తయారు చేసేటప్పుడు గూగుల్ చూడకుండా నోఇండెక్స్ ట్యాగ్ పెట్టి, షాపు తెరిచాక దాన్ని తీయడం మరిచిపోవడం మామూలే. వర్డ్‌ప్రెస్ అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ దగ్గర, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్ బాక్స్ ఒకటి ఉంటుంది, అది తీసి ఉందో లేదో చూసుకోండి. షాపిఫైలో స్టోర్‌కు పాస్‌వర్డ్ ఉంటే అది తీసేదాకా గూగుల్ లోపలికి రాలేదు.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఖాతా తెరవండి. మీ సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపించే గూగుల్ టూల్ ఇది, ఫ్రీ. సైటు మీదేనని నిరూపించుకున్నాక సైట్‌మ్యాప్ (మీ పేజీలన్నిటి జాబితా ఉన్న ఫైలు) అడ్రస్ ఇవ్వాలి. షాపిఫై, వర్డ్‌ప్రెస్ రెండూ సైట్‌మ్యాప్‌ను వాటంతట అవే తయారు చేస్తాయి కాబట్టి మీరు చేయాల్సింది ఆ అడ్రస్ అక్కడ పెట్టడమే. ముఖ్యమైన పేజీల అడ్రస్‌లను అందులోని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో వేసి ఇండెక్స్ చేయమని, అంటే గూగుల్ తన జాబితాలో చేర్చుకోమని అడగవచ్చు. అడిగిన వెంటనే జరగదు, కొన్ని రోజులు పట్టవచ్చు, వారాలూ పట్టవచ్చు, రోజూ అడిగినంత మాత్రాన తొందరగా రాదు. మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్‌కు ఇలాంటిదే అయిన బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లోకి ఇవే వివరాలు సెర్చ్ కన్సోల్ నుంచి నేరుగా తెచ్చుకోవచ్చు, అది కూడా ఇప్పుడే చేసేయండి.

కస్టమర్ అడిగే మాటలు

ఇక అసలు పని. పెద్ద కంపెనీలు ఉన్న చోట "కార్పెట్" అనే ఒక్క మాటతో మొదటి పేజీలోకి రావాలని చూడకండి, అది చిన్న షాపు వల్ల అయ్యే పని కాదు. దానికి బదులు మీకు వచ్చే ఫోన్లు గుర్తు చేసుకోండి. "అన్నా, ఉతికితే రంగు పోతదా?" "అక్కా, పూజ గదికి చిన్న సైజుల ఉన్నదా?" "ఇంట్ల ఫంక్షన్ ఉంది, పది మంది కూసునేటట్టు ఏది తీసుకోవాలె?" కొనే ముందు మనిషికి వచ్చే అనుమానాలు ఇవే. ఫోన్ చేయనివాళ్లు ఇవే మాటలు గూగుల్‌లో కొడతారు, లేదంటే మైకులో అడుగుతారు. కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి, వాట్సాప్‌లో వచ్చినవీ ఫోన్‌లో అడిగినవీ వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఏ పెయిడ్ టూల్ ఇచ్చే లిస్టు కన్నా ఇది మీకు ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఈ అడిగేవాళ్లు మీ సరుకు చూసి అడుగుతున్నవాళ్లు.

ఇంకో సులువైన దారి, సెర్చ్ బాక్సులో మీ సరుకు పేరు సగం కొట్టి ఆగడం. కింద గూగుల్ చూపించేవన్నీ జనం వెతికే మాటలే. మన దగ్గర పెద్దవాళ్లు జంపఖానా అంటారు, బయటివాళ్లు దర్రీ అంటారు, కొందరు తివాచీ అనో కార్పెట్ అనో వెతుకుతారు. పేజీలో ప్రధానమైన పేరు ఒకటి పెట్టుకుని మిగతావి సహజంగా వచ్చే చోట ఒక్కసారి వాడితే చాలు. ఒకే మాట ప్రతి లైనులో ఇరికిస్తే చదివేవాళ్లు వెళ్లిపోతారు, పైగా గూగుల్ దాన్ని స్పామ్ కింద లెక్కేస్తుంది. కీవర్డ్స్ రాసే మెటా ట్యాగును (పేజీ కోడ్‌లో జనానికి కనబడకుండా ఉండే ముక్క) ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది, ఇప్పటికీ దాని కోసం డబ్బులు తీసుకునేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లో రాయాలా అని చాలామంది అడుగుతారు. మీ సరుకు ఎక్కువగా ఎవరు కొంటున్నారో చూసి తేల్చుకోండి. అమెరికాలో ఉన్న పిల్లల కోసం సకినాలు కొనేవాళ్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో వెతుకుతారు. రెండు భాషలూ కావాలంటే ఒక్కో భాషకు ఒక్కో పేజీ పెట్టండి. ఆటోమేటిక్‌గా తర్జుమా చేసిన ముక్క ఎవరూ చదవకుండా అలాగే అతికించకండి.

సరుకు పేజీ ఎలా రాయాలి

హోల్‌సేల్ వ్యాపారి పంపిన వివరణనే కాపీ చేసి పెట్టడం చిన్న షాపులను అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తీస్తుంది. అదే ముక్క ఇంకో పది సైట్లలో ఉంటే గూగుల్ అందులో ఏదో ఒకటి చూపిస్తుంది, అది మీదే అవ్వాలని ఏమీ లేదు. "చక్కటి నాణ్యత గల అందమైన దర్రీ" అని రాసినా లాభం లేదు, ఆ మాట ప్రపంచంలో ఏ దర్రీకైనా సరిపోతుంది. మీరైతే ఇలా రాయండి: "నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పూర్తి కాటన్. కొత్తవాడలో చేతిమగ్గం మీద నేసింది. రెండు వైపులా వాడుకోవచ్చు. మొదటిసారి విడిగా చన్నీళ్లలో ఉతకండి, నీడన ఆరేయండి. మడిస్తే ఇంత మందం, ఇంత బరువు. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఇన్ని రోజుల్లో, మిగతా రాష్ట్రాలకు ఇన్ని రోజుల్లో చేరుతుంది." ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు, రోజూ ఫోన్‌లో చెప్పేదే. రంగు పోతుందంటే పోతుందని రాయండి, దాచిపెడితే సరుకు తిరిగి వస్తుంది, రివ్యూ కూడా పాడవుతుంది.

వరంగల్ దర్రీలకు 2018లో, వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుంది. మీ సరుకు నిజంగా ఆ నేతగాళ్ల దగ్గరిదే, ఆ రైతుల దగ్గరిదే అయితే ఎవరి దగ్గర కొన్నారో, ఎలా తయారైందో వివరంగా చెప్పండి, అది మీకు తప్ప ఇంకెవరికీ లేని సమాచారం. కాకపోతే ఆ పేరు ముట్టుకోకండి. అది చట్టం ఒప్పుకోని పని, అంతకు మించి నేసినవాళ్ల కూడు లాక్కోవడం. తినే వస్తువులైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ నంబర్, ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది, ఏ నూనెలో చేశారు అన్నవి పేజీలో కనబడాలి. షాపు అడ్రస్, ఫోన్, వాపసు నియమాలు కూడా అంతే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఈ వివరాలు అడుగుతాయి, కొత్తవాళ్లకు నమ్మకం కలిగేదీ వీటితోనే.

ప్రతి పేజీకి దాని సొంత టైటిల్ (గూగుల్ ఫలితాల్లో నొక్కే శీర్షిక) ఉండాలి. "హోమ్" అనో "ప్రొడక్ట్ 14" అనో ఉన్న టైటిల్ చూసి ఎవరు నొక్కుతారు? "వరంగల్ కాటన్ దర్రీ 4×6 అడుగులు, నీలం చారలు" అని పెట్టి చివర షాపు పేరు చేర్చండి. పొడవైతే ఫోన్‌లో చివర తెగిపోతుంది కాబట్టి ముఖ్యమైన మాట ముందుండాలి. మెటా డిస్క్రిప్షన్ (ఫలితాల్లో టైటిల్ కింద కనబడే చిన్న వివరణ) ర్యాంకు పెంచదు, గూగుల్ చాలాసార్లు దాన్ని పక్కన పెట్టి పేజీలోంచి తనే ఒక ముక్క తీసుకుంటుంది, అయినా రెండు వాక్యాలు శ్రద్ధగా రాయండి, ఎందుకంటే దాన్ని చదివే జనం నొక్కాలా వద్దా అని తేల్చుకుంటారు.

ఫొటోల సంగతి. ఫోన్‌లో తీసిన ఫొటో ఐదారు ఎంబీలు ఉంటుంది, అలాంటివి ఎనిమిది పెడితే ఊళ్లో సిగ్నల్ మీద పేజీ తెరుచుకునేలోపు మనిషి వెనక్కి వెళ్లిపోతాడు. సైజు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లో పెట్టండి, ఫైలుకు అర్థమయ్యే పేరు ఇవ్వండి, ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫొటోకు జత చేసే వివరణ గడిలో) ఫొటోలో ఏముందో ఒక వాక్యం రాయండి. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ అడ్రస్ వేస్తే వేగం ఎంతో చెబుతుంది. తెర మీద పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనబడితే మంచిదని గూగుల్ లెక్క. ఇప్పుడు గూగుల్ సైట్లను ఫోన్‌లో కనబడే రూపంలోనే చదువుతుంది, కాబట్టి కంప్యూటర్‌లో బాగుందని సంతోషపడి వదిలేయకుండా మామూలు ఫోన్‌లో తెరిచి ఆర్డర్ పెట్టేదాకా వెళ్లి చూడండి.

ధర, స్టాక్ వివరాలు గూగుల్‌కు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రొడక్ట్ స్ట్రక్చర్డ్ డేటా అని ఒకటి ఉంటుంది. చాలా థీముల్లో (సైటుకు వాడే రెడీమేడ్ డిజైన్లలో) అది ముందే ఉంటుంది, ఉందో లేదో గూగుల్ వారి రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో చూసుకోండి. గూగుల్ మర్చంట్ సెంటర్‌లో (షాపులవాళ్లు సరుకు వివరాలు ఎక్కించే చోటు) సరుకు ఎక్కిస్తే యాడ్ డబ్బు కట్టకుండానే షాపింగ్ ఫలితాల్లో కనబడే అవకాశం ఉంది. అక్కడి ధర, మీ సైటులో ధర ఒకటే ఉండాలి, తేడా ఉంటే ఆ సరుకును అక్కడ కనబడకుండా ఆపేస్తారు.

ఊళ్లో షాపు కూడా ఉంటే

కస్టమర్లు మీ దగ్గరికి వచ్చే చోటు ఉంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ మ్యాప్స్‌లో, సెర్చ్‌లో కనబడే మీ షాపు వివరాలు) తప్పకుండా పెట్టండి. పూర్తిగా ఆన్‌లైన్ మాత్రమే అయితే దానికి అర్హత లేదు. షాపు బోర్డు మీద ఉన్న పేరే పెట్టాలి, పేరు పక్కన "బెస్ట్ దర్రీ షాప్ హనుమకొండ" అని తగిలిస్తే ప్రొఫైల్‌ను సస్పెండ్ చేయవచ్చు. రివ్యూ అడగండి, దానికి బదులుగా డిస్కౌంట్ మాత్రం ఇవ్వకండి, అది నియమాలకు విరుద్ధం. కోపంగా రాసినవాళ్లకు కూడా మర్యాదగా జవాబివ్వండి, ఆ జవాబును తర్వాత వచ్చేవాళ్లు చదువుతారు.

పండగ సరుకు అమ్మేవాళ్లకు ఒక మాట. సంక్రాంతి సకినాల పేజీని జనవరిలో పెడితే ఆలస్యమే, అక్టోబర్, నవంబర్‌లలోనే సిద్ధంగా ఉండాలి. ఏటా కొత్త పేజీ తెరవకుండా అదే అడ్రస్‌ను ఉంచి వివరాలు మార్చుకుంటూ పోండి, అప్పుడు గూగుల్‌లో ఆ పేజీకి వచ్చిన పాత బలం అలాగే ఉంటుంది. బతుకమ్మకైనా, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకైనా ఇదే పద్ధతి. స్టాక్ అయిపోతే పేజీ తీసేయకండి, "అయిపోయింది, మళ్లీ ఫలానా నెలలో వస్తుంది" అని రాసి పెట్టండి. ఇక ఎప్పటికీ రాని సరుకైతే పాత అడ్రస్ తెరిచినవాళ్లు దానికి దగ్గరగా ఉన్న పేజీకి నేరుగా చేరేలా 301 రీడైరెక్ట్ పెట్టించండి.

వేరే సైట్ల నుంచి లింకులు కావాలి, కానీ కొనకండి. లింకులు కొనడం గూగుల్ స్పామ్ నియమాల కిందికి వస్తుంది. మీరు సరుకు తీసుకునే చేనేత సంఘం, మీ సరుకు గురించి వీడియో చేసినవాళ్లు, మీ దగ్గర కొని రాసినవాళ్లు, వీళ్లను మీ సైటు లింకు ఇవ్వమని అడగడంలో తప్పు లేదు. నెలలో నంబర్ వన్ చేస్తాం, గ్యారంటీ అంటూ ఫోన్ చేసేవాళ్లను నమ్మకండి, అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. ఎవరికైనా పని అప్పజెప్పినా డొమైన్ (మీ వెబ్‌సైట్ అడ్రస్), సెర్చ్ కన్సోల్ రెండూ మీ పేరు మీదే, మీ మెయిల్‌తోనే ఉండాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

నెలకోసారి సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరవండి. ఎనిమిది నుంచి ఇరవై మధ్య స్థానాల్లో ఉన్న ప్రశ్నలు వెతకండి, కాస్త కష్టపడితే పైకి వచ్చేవి అవే. ఆ ప్రశ్నకు పేజీలో నేరుగా జవాబుందా చూసి, లేకపోతే రెండు మూడు వాక్యాలు చేర్చండి. చాలామందికి కనబడుతున్నా ఎవరూ నొక్కడం లేదంటే ముందు టైటిల్ మార్చి చూడండి. మార్చిన తేదీ అదే నోట్‌బుక్‌లో రాసుకుని, మూడు నాలుగు వారాలు ఆ పేజీ జోలికి వెళ్లకండి, ఆ తర్వాతే నంబర్లు పోల్చండి. పండగ సరుకైతే పోయిన నెలతో పోల్చడంలో అర్థం లేదు, నిరుటి అదే నెలతో చూడాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్క చూపిస్తుంది కాబట్టి నిరుటి సంక్రాంతి కూడా అందులోనే ఉంటుంది.